చేపల ఒంటి మీద, మందు వేస్తే పోయిన తెల్లచుక్కలు మళ్ళీ ఎందుకొచ్చాయి, ఇప్పుడేం చేయాలి

మీరు రాసింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్తాను, నేను తప్పుగా అర్థం చేసుకుని సలహా ఇస్తే నష్టపోయేది చేపలే కాబట్టి. హైదరాబాద్‌లో ఇల్లు, రెండడుగుల ట్యాంకు, హీటర్ లేదు. రెండు ఏంజెల్స్, ఆరు విడో టెట్రాలు ఏడాదిగా హాయిగా ఉన్నాయి. డిసెంబర్ చివర్లో ఒక క్లౌన్ లోచ్ కొని తెచ్చి, కవర్లో నీళ్ళతో సహా ట్యాంకులో వదిలారు. నాలుగో రోజుకి లోచ్ ఒంటి మీద తెల్లచుక్కలు. షాపు అతను ఇచ్చిన నీలం మందు మూడు రోజులు వేశారు, చుక్కలు పోయాయి, మందు ఆపేశారు. ఐదు రోజులు తిరిగేసరికి లోచ్‌తో పాటు ఏంజెల్స్ రెక్కల మీద కూడా వచ్చాయి, ఈసారి మొదటికన్నా మూడింతలు. మందు నకిలీదా, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడిగేయాలా, నీళ్ళలో చెయ్యి పెట్టే పాపకి ఏమైనా అంటుకుంటుందా అని అడిగారు.

మందు నకిలీదని నేను అనుకోవడం లేదు. ట్యాంకు మాత్రం దయచేసి ఖాళీ చేయకండి. అన్నీ తీసి కడిగేస్తే ఫిల్టర్‌లో ఏడాదిగా పేరుకున్న మంచి బ్యాక్టీరియా పోతుంది, అసలే నీరసంగా ఉన్న చేపల నెత్తిన అమ్మోనియా కూడా పడుతుంది. జరిగిందల్లా ఒకటే, మందు మధ్యలో ఆగిపోయింది. చుక్కలు కనిపించకుండా పోయిన ఆ రెండు మూడు రోజులే ఈ జబ్బులో అన్నిటికన్నా ముఖ్యమైన రోజులు, ఎందుకంటే ఈ జబ్బు తెచ్చే పురుగు మన మందుకి దొరికేది అప్పుడే. సరిగ్గా అప్పుడే మనం హమ్మయ్య అనుకుని సీసా మూత పెట్టేస్తాం. పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే దెబ్బతింటారు, నేనూ తిన్నాను, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ రాత్రికి ఏం చేయాలో ముందు చెప్పేస్తా, కారణాలు తీరిగ్గా చదువుకోవచ్చు. ఎయిర్ పంప్ ఉంటే ఫుల్‌లో పెట్టండి, లేకపోతే పొద్దున్నే కొనండి. ఫిల్టర్‌లో నల్లటి కార్బన్ సంచి ఉంటే తీసేయండి, స్పాంజి మాత్రం ముట్టుకోవద్దు. సైఫన్ పైపుతో గులకరాళ్ళ అడుగు నుంచి మురికి లాగుతూ పావు వంతు నీళ్ళు మార్చండి, కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, కాస్త వేడినీళ్ళు కలిపి, ట్యాంకు నీళ్ళంత వెచ్చగా ఉన్నాయని చూసుకునే పోయండి. జనవరిలో మేడ మీద ట్యాంకు నుంచి పొద్దున్నే వచ్చే నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో మీకు తెలుసు, అవి నేరుగా పోస్తే ఉన్న జబ్బు ఇంకా ముదురుతుంది. ఆ తర్వాత ఉప్పు మొదటి విడత. ఉప్పు లెక్క కింద ఇస్తాను. రేపు హీటర్, థర్మామీటర్ రెండూ కొనండి, మీ ట్యాంకుకి 75 లేదా 100 వాట్ల హీటర్ సరిపోతుంది. హీటర్ మీద ఉండే అంకెల్ని నమ్మొద్దు, విడిగా ఒక గాజు థర్మామీటర్ తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు ఆ పురుగు సంగతి. పురుగు అంటున్నాను గానీ అది ఒకే కణం ఉన్న జీవి, ఒళ్ళంతా సన్నటి నూగు. దాని శాస్త్రీయ నామం ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్, మనవాళ్ళు ముద్దుగా ఇక్ అంటారు. 1876లో ఫూకే అనే ఆయన పెట్టిన పేరు ఇది, మొదటి మాటకి చేపల పేను అని, రెండోదానికి బోలెడు పిల్లలు గలది అని అర్థం. ఆ రెండో మాటలోనే మీ సమస్యంతా ఉంది. మీకు కనిపించే తెల్లచుక్క చేప చర్మం మీద కూర్చున్నది కాదు, పై పొర కింద దూరి తింటూ ఉబ్బుతున్నది. పైన చేప చర్మమే దానికి కప్పు. అందుకే అక్కడ ఉన్నంతసేపూ ఉప్పు గానీ మందు గానీ దానికి తగలదు. కడుపు నిండాక, అంటే 25, 26 డిగ్రీల నీళ్ళలో మూడు నుంచి ఐదు రోజులకి, చర్మం చీల్చుకుని బయటికొచ్చి కిందికి జారుతుంది. గులకరాయికో ఆకుకో అద్దానికో అతుక్కుని చుట్టూ జిగురు గూడు కట్టుకుని, లోపల రెండు, నాలుగు, ఎనిమిది అంటూ చీలిపోతుంది. ఒక రోజు తిరక్కుండానే ఆ ఒక్క గూట్లోంచి వందల పిల్లలు బయటపడతాయి, పెద్ద గూడైతే వెయ్యి దాకా. ఆ పిల్లలు ఈదుకుంటూ చేపని వెతుక్కోవాలి, ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. ఇప్పుడు వాటి ఒంటి మీద ఏ కప్పూ ఉండదు. ఉప్పుకీ మందుకీ అవి దొరికే సమయం ఇదొక్కటే.

మీ ట్యాంకులో జరిగింది ఇప్పుడు చూడండి. మూడు రోజులు మందు వేశారు, ఆ మూడు రోజుల్లో చుక్కలు వాటంతట అవే పండి రాలాయి. మందు వల్ల పోయాయని మీరనుకున్నారు. అవి అడుగున గూళ్ళు కట్టుకుని పిల్లలు పెట్టే సమయానికి నీళ్ళలో మందు ఆగిపోయింది. ఒక్కో చుక్కకి వందల పిల్లలు వచ్చి ఆరోగ్యంగా ఉన్న ఏంజెల్స్‌కి కూడా పట్టుకున్నాయి. పైగా మీది చల్లటి నీళ్ళు, ఎంత చల్లగా ఉంటే ఈ చక్రం అంత నెమ్మదిగా తిరుగుతుంది. 10 డిగ్రీల దగ్గర నెల పైన కూడా పడుతుంది. మీ ఇంట్లో 21, 22 దగ్గర ఉందనుకుంటే వారం పైనే. మూడు రోజుల మందుతో అది తెగదు.

ఒకసారి జువాలజీ చెప్పే మిత్రుడి ల్యాబ్‌లో, అప్పుడే చనిపోయిన నా మాలీ చేప తోక అంచు చిన్న ముక్క కోసి గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూశాను. కంటికి ఉప్పు రవ్వలా ఉన్న చుక్క అక్కడ గుండ్రటి బూడిదరంగు బంతిలా ఉంది. నెమ్మదిగా, ఆగకుండా, ఉన్నచోటే దొర్లుతోంది. మధ్యలో గుర్రపు నాడా ఆకారంలో లేత రంగు వంపు ఒకటి, అది దాని కేంద్రకం, అదే ఈ జీవికి గుర్తు. చేప చనిపోయి పావుగంట దాటినా అది దొర్లుతూనే ఉంది, నేను చూస్తుండగానే తోక అంచు నుంచి ఒకటి విడిపడి నీటిబొట్టులోకి వెళ్ళిపోయింది. చచ్చిన చేపని రాత్రంతా ట్యాంకులో వదిలేయకూడదని నాకు అప్పుడు బాగా ఎక్కింది. మీరూ గుర్తుపెట్టుకోండి, ఏదైనా పోతే వెంటనే తీసేయండి, ఆ వలని వేడినీళ్ళలో ముంచి పూర్తిగా ఆరబెట్టాకే మళ్ళీ వాడండి.

ఇది నిజంగా ఇక్కేనా అన్నది కూడా ఒకసారి రూఢి చేసుకోండి, మీ ఫోటో మసకగా ఉంది. గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చ్ పక్క నుంచి కొట్టి చూడండి. ఇక్ అయితే చుక్కలు విడివిడిగా, ఉప్పు రవ్వంత, ఎక్కువలో ఎక్కువ ఒక మిల్లీమీటరు ఉంటాయి, రెక్కల మీదా ఒంటి మీదా చెల్లాచెదురుగా కనిపిస్తాయి. చేప రాళ్ళకీ హీటరుకీ ఒళ్ళు రుద్దుకుంటుంది, రెక్కలు ఒంటికి అంటించుకుని ఉంటుంది. చుక్కలు మరీ సన్నగా, బంగారు పసుపు పొడి చల్లినట్టు మెరుస్తుంటే అది వెల్వెట్ అనే వేరే పరాన్నజీవి. దూదిపింజల్లా ఉంటే ఫంగసో బ్యాక్టీరియానో అయ్యుంటుంది. గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి, మగ చేపలకి జతకట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున వరసగా తెల్ల గింజలు వస్తాయి. అది జబ్బే కాదు, దానికి మందు పోసి చేపని చంపుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఒక్కోసారి ఒంటి మీద చుక్క ఒక్కటీ లేకుండా చేప పైకొచ్చి, లేదా ఫిల్టర్ నీళ్ళు పడే చోట నిలబడి ఆయాసపడుతుంది, అప్పుడు చుక్కలు మొప్పల్లో ఉన్నాయని అనుమానించాలి. ఈ జబ్బులో చేప చనిపోయేది చాలాసార్లు మొప్పలు చెడిపోయే.

కోస్తా జిల్లాల నుంచి ఎవరైనా చదువుతుంటే ఒక మాట. భీమవరం, నెల్లూరు వైపు వైట్ స్పాట్ అంటే గుండె జారిపోతుంది, 1994-95లో టైగర్ రొయ్యల చెరువుల్ని తుడిచిపెట్టింది ఆ పేరుతోనే. అది వైరస్, రొయ్యలకీ పీతలకీ వచ్చేది, దానికి మందు లేదు. చేపల ట్యాంకులో వైట్ స్పాట్ అంటే ఈ ఏకకణ జీవి. పేరు ఒకటే, చుట్టరికం లేదు. రొయ్యల రైతు చెప్పిన వైద్యం ఇక్కడ వద్దు, ఇక్కడిది అక్కడా వద్దు.

ఇక వైద్యం. మీ ట్యాంకుకి నేనైతే వేడి, ఉప్పు రెండూ కలిపి వాడతాను. మీ దగ్గరున్న చేపలన్నీ వెచ్చని నీళ్ళవే, 30 డిగ్రీలు రెండు వారాలు భరించగలవు. లోచ్‌కి పొలుసులు చాలా సన్నం, మామూలు మోతాదు రసాయనాలు దాన్ని ఇబ్బంది పెడతాయి కాబట్టి మందు సీసా రెండో దారిగా ఉంచుకుందాం.

ముందు మీ ట్యాంకులో నీళ్ళెన్నో లెక్కగట్టండి, షాపువాళ్ళు చెప్పిన అంకె వద్దు. లోపల పొడవు 60, వెడల్పు 30 సెంటీమీటర్లు. ఎత్తు మాత్రం అద్దం ఎత్తు కాకుండా గులకరాళ్ళ పైనుంచి నీటిమట్టం దాకా కొలవండి, మీ ఫోటోని బట్టి 28 ఉంటుందనుకుంటున్నా. 60 ఇంటూ 30 ఇంటూ 28 అంటే 50,400, వెయ్యితో భాగిస్తే 50 లీటర్లు. అద్దం ఎత్తు 38తో లెక్కేసి ఉంటే 68 లీటర్లు వచ్చేది, మందు మూడో వంతు ఎక్కువ పడేది. కొన్ని సీసాల మీద గ్యాలన్లలో రాస్తారు, అమెరికా గ్యాలన్ అంటే 3.8 లీటర్లు, అది కూడా చూసుకోండి.

ఉప్పు లీటరుకి 2 గ్రాములు, అంటే మీకు 100 గ్రాములు. కల్లుప్పు తీసుకోండి, తెలంగాణలో దొడ్డుప్పు అంటారు కదా, అదే. అక్వేరియం సాల్ట్ అని డబ్బాలో పెట్టి పది రెట్ల ధరకి అమ్మేది అక్కర్లేదు. ఇంట్లో అయోడిన్ ఉప్పు మాత్రమే ఉంటే అదే వాడండి, అందులో ఉండే అయోడిన్ ఈ మోతాదులో చేపకి ఏమీ చేయదు. చెంచాలతో కొలవొద్దు, కల్లుప్పు చెంచాకీ సన్నుప్పు చెంచాకీ బరువులో చాలా తేడా, వంటింటి కాటా మీద తూచండి. ఈ రాత్రి 35 గ్రాములు, రేపు పొద్దున 35, రేపు రాత్రి 30. ప్రతిసారీ ఒక మగ్గు ట్యాంకు నీళ్ళలో పూర్తిగా కరిగించి, ఫిల్టర్ నీళ్ళు పడే చోట కొద్దికొద్దిగా పోయండి. రాళ్ళు రాళ్ళుగా వేస్తే అడుగున తిరిగే లోచ్ మీద నేరుగా పడి ఒళ్ళు కాలుతుంది. మొదటి విడత తర్వాత లోచ్‌ని ఒక గంట గమనించండి, పిచ్చిగా పరుగులు పెట్టినా ఆయాసపడినా అక్కడే ఆపి ఆ మోతాదు దగ్గరే ఉండండి. లీటరుకి 3 గ్రాముల దాకా వెళ్ళేవాళ్ళున్నారు, లోచ్ ఉన్న ట్యాంకులో నేను వెళ్ళను. అనుబియాస్, జావా ఫెర్న్ లాంటి గట్టి మొక్కలు దీన్ని తట్టుకుంటాయి, వాలిస్నేరియా లాంటివి ఉంటే వేరే బకెట్‌లోకి మార్చండి.

ఉప్పు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు. హీటర్ పెట్టాక రోజూ మట్టం కాస్త తగ్గుతుంది, ఆ తగ్గిన దానికి ఉత్త నీళ్ళే పోయాలి. సైఫన్ చేసి మీరు బయటికి తీసిన నీళ్ళకి మాత్రమే ఉప్పు కలపాలి. 10 లీటర్లు తీస్తే 10 లీటర్ల కొత్త నీళ్ళకి 20 గ్రాములు. ఈ రెండూ కలగాపులగం చేస్తే వారం తిరిగేసరికి ట్యాంకులో ఎంత ఉప్పుందో మీకే తెలీదు.

వేడి. రేపు హీటర్ పెట్టాక పొద్దున రెండు డిగ్రీలు, సాయంత్రం రెండు డిగ్రీలు చొప్పున పెంచుతూ రెండు రోజుల్లో 30కి తీసుకెళ్ళండి. 30 దగ్గర ఈ జీవి మామూలుగా పిల్లలు పెట్టలేదు. కానీ 30 చేరేలోపు వేడి దాని చక్రాన్ని వేగం చేస్తుంది, కాబట్టి రెండో రోజో మూడో రోజో చుక్కలు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తాయి. అప్పుడు టెన్షన్ పడి హీటర్ ఆపేయకండి, లోపల దాగున్నవి పైకొచ్చి త్వరగా రాలిపోవడమే మనకి కావాలి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఇముడుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల పైచిలుకు పడితే 30 దగ్గర ఏడున్నరే. మొప్పలు దెబ్బతిన్న చేపకి ఈ తేడా చాలా పెద్దది, అందుకే ఎయిర్ పంప్ రాత్రీ పగలూ ఆగకూడదు. కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీ మీద నడిచే చిన్న పంప్ ఒకటి కొని పెట్టుకోండి, లేదా ఇన్వర్టర్ లైను ప్లగ్‌కి ఎయిర్ పంప్ తగిలించండి. గంటసేపు హీటర్ లేకపోయినా ఏమీ కాదు, గాలి లేకపోతే అవుతుంది. నీళ్ళు మార్చేముందు హీటర్ ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగండి. వేడిగా ఉన్న గాజు గొట్టం నీళ్ళ పైకి తేలితే పగులుతుంది, పైగా ప్లగ్ ఉండగా ట్యాంకులో చెయ్యి పెట్టడం ప్రమాదం.

గోల్డ్‌ఫిష్ వాళ్ళు ఇది చదివి 30 పెట్టకండి. అవి చల్లటి నీళ్ళవి, వాటికి నేను 26, 27 దగ్గర ఆపి ఉప్పు మీదే ఎక్కువ ఆధారపడతాను, వైద్యం కూడా ఇంకా ఎక్కువ రోజులు చేస్తాను.

రోజూ చేయాల్సిన పని తక్కువే గానీ మానకూడదు. రెండు రోజులకోసారి గులకరాళ్ళని బాగా సైఫన్ చేయండి, గూళ్ళు కట్టేది అక్కడే, పిల్లలు బయటపడకముందే వాటిలో చాలా భాగం బకెట్‌లోకి వచ్చేస్తాయి. మేత సగం చేయండి. మీరు వాడిన నీలం మందు మిథిలిన్ బ్లూ అయ్యుంటుంది, అది ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది, కాబట్టి అమ్మోనియా టెస్ట్ కిట్ ఉంటే రోజు విడిచి రోజు చూడండి, లేకపోతే రోజూ పది శాతం నీళ్ళు మార్చడం మంచిది. మిథిలిన్ బ్లూ చెడ్డ మందని అనను, గుడ్లకి ఫంగస్ పట్టకుండా బాగా పనికొస్తుంది, విడి తొట్టిలో వాడుకోవచ్చు. ఫిల్టర్ నడుస్తున్న మెయిన్ ట్యాంకులో ఇక్‌కి దాన్ని వాడటం నాకిష్టం లేదు.

నా సంగతి చెప్తానన్నాను కదా. చేపలు పెంచడం మొదలుపెట్టిన రెండో ఏడు, విజయవాడలో ఉండేవాళ్ళం, అరచేతంత పెరిగిన నాలుగు ఏంజెల్స్ ఉండేవి నా దగ్గర, బొత్తం అంత ఉన్నప్పటి నుంచి పెంచినవి. వానాకాలంలో ఇదే జబ్బు వచ్చింది. ఒక షాపులో ఇచ్చిన మందు నాలుగు రోజులు వేశాను, ఐదో రోజు అద్దం లాంటి ఒంటితో తిరుగుతున్నాయి, మా అమ్మని పిలిచి మరీ చూపించాను. తర్వాతి ఆదివారం ఊరెళ్ళి మంగళవారం రాత్రి వచ్చేసరికి రెండు అడుగున పక్కకి పడి ఉన్నాయి, మూడోది పై మట్టంలో నోరు తెరుచుకుని ఊగుతోంది. వాటి ఒంటి మీద చుక్కలు లెక్కపెట్టే స్థితి లేదు, రవ్వ పిండిలో పొర్లించినట్టున్నాయి. నాలుగోదొక్కటే బతికింది. ఆ రోజు నుంచి గోడ మీది క్యాలెండర్‌లో రాయనిదే నేను ఏ వైద్యం మొదలుపెట్టలేదు. మీరూ అలాగే చేయండి. 30 డిగ్రీలు చేరిన రోజుకి గుర్తు పెట్టండి, అక్కడి నుంచి 14 రోజులు. చిట్టచివరి చుక్క కనిపించిన రోజుకి ఇంకో గుర్తు పెట్టండి, అక్కడి నుంచి కనీసం 7 రోజులు. ఈ రెండిట్లో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా వేడీ ఉప్పూ అలాగే ఉండాలి. చేపలు హుషారుగా తిరుగుతున్నాయని ముందే ఆపకండి.

వేడి 30 చేరాక ఐదు రోజులైనా చుక్కలు తగ్గకుండా కొత్తవి వస్తూనే ఉంటే, వేడిని తట్టుకునే రకం పట్టిందనుకోవాలి, అలాంటివి ఉన్నాయి. అప్పుడు మాలకైట్ గ్రీన్, లేదా మాలకైట్ గ్రీన్ ఫార్మలిన్ కలిపి ఉన్న ఇక్ మందు కొనండి, సీసా వెనక ఏముందో చదివి మరీ కొనండి. లోచ్ ఉంది కాబట్టి సగం మోతాదు, సీసా మీద చెప్పిన వ్యవధికే మళ్ళీ మళ్ళీ. వెలుతురుకి ఈ మందు త్వరగా విరిగిపోతుంది, వేసిన రోజుల్లో ట్యాంకు లైటు ఆపేయండి. ఫార్మలిన్ నీళ్ళలో ఆక్సిజన్‌ని తగ్గిస్తుంది, 30 డిగ్రీల దగ్గర అది ప్రమాదం కాబట్టి నీళ్ళని 27, 28కి దించాకే వేయండి. సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంటే వాడొద్దు, అది ఇంకా విషం. చేతులకి గ్లౌజులు తప్పనిసరి. మాలకైట్ గ్రీన్‌ని మనం తినే చేపల మీద వాడటం నిషేధం, మనుషులకి మంచిది కాదనే. కెమికల్ షాపులో పొడి కొని ఇంట్లో కలుపుకునే సలహాలు కొందరు ఇస్తారు, మిల్లీగ్రాముల్లో తూచే కాటా లేని ఇంట్లో ఆ పని చేయొద్దు. రాగి ఉన్న మందులు కూడా దొరుకుతాయి, నత్తలూ రొయ్యలూ ఉన్న ట్యాంకులో అవి వేస్తే ఒక్కటీ మిగలదు.

మీ ప్రశ్న కింద ఒకరు పసుపు వేయమన్నారు, ఇంకొకరు టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి కలపమన్నారు. ఆ పసుపు వేపాకు సలహాలు మంచి మనసుతోనే ఇస్తారు, నేను కాదనను, కానీ ఈ జబ్బుని పసుపు తగ్గించడం నేను చూడలేదు. చుక్కలు వాటంతట అవే రాలే రోజున పసుపు వేసి ఉంటే పసుపు వల్ల తగ్గిందనిపిస్తుంది, అంతే. క్యాప్సూల్ అయితే అస్సలు వద్దు. అది బ్యాక్టీరియా మందు, ఇక్ బ్యాక్టీరియా కాదు, దానివల్ల పోయేది మీ ఫిల్టరే.

అంతా అయ్యాక ఉప్పుని ఒకేసారి తీసేయకుండా రోజు విడిచి రోజు పావు వంతు ఉత్త నీళ్ళతో మారుస్తూ పోండి, నాలుగైదు మార్పులకి ముప్పావు వంతు దాకా పోతుంది. వేడి రోజుకి రెండు డిగ్రీల చొప్పున 26కి దించి అక్కడే ఉంచేయండి. ఏంజెల్స్‌కీ లోచ్‌కీ హైదరాబాద్ చలికాలంలో హీటర్ లేకపోవడమే అసలు ఇబ్బంది, రాత్రి పగలు నీటి వేడి ఐదారు డిగ్రీలు ఊగితే వాటి ఒంట్లో శక్తి తగ్గుతుంది.

ఈ పురుగు ప్రతి ట్యాంకులో ఎప్పుడూ ఉంటుంది, చేప నీరసపడితే బయటికొస్తుంది అని చాలామంది చెప్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. చేప దొరక్కపోతే రెండు రోజుల్లో చచ్చే జీవి ఖాళీ నీళ్ళలో నెలల తరబడి కాచుకుని ఉండలేదు. మీ ట్యాంకు ఏడాదిగా శుభ్రంగా ఉంది, లోచ్‌తోనూ కవరు నీళ్ళతోనూ వచ్చింది. షాపులో చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో కవర్లలో ఆక్సిజన్ నింపి పంపినవే, దారిలో చలీ కుదుపులూ, దిగాక కొత్త నీళ్ళు, అన్ని రకాలూ ఒకే నీళ్ళ లైను మీద. షాపు వాళ్ళని తప్పు పట్టి లాభం లేదు, మన వాకిట్లో మనం ఆపుకోవాలి. ఈసారి ఏ చేప తెచ్చినా కవరుని అరగంట తేలనిచ్చి, చేపని మాత్రం వలతో ఎత్తి వేసుకుని, నీళ్ళు బయట పారబోయండి. అది కూడా మెయిన్ ట్యాంకులోకి కాదు. 25, 30 లీటర్ల ప్లాస్టిక్ టబ్, ఒక స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క, మూడు వారాలు. ఆ స్పాంజ్ ఫిల్టర్‌ని మామూలు రోజుల్లో మెయిన్ ట్యాంకులోనే ఒక మూల నడుస్తూ ఉండనివ్వండి, అవసరమైన రోజున బ్యాక్టీరియాతో సిద్ధంగా ఉంటుంది. మొక్కలు కొన్నా అంతే, చేపలున్న తొట్టిలోంచి తీసిచ్చిన మొక్కకి గూళ్ళు అతుక్కుని ఉండొచ్చు, చేపల్లేని బకెట్‌లో వారం పది రోజులు ఉంచితే చాలు.

లోచ్ గురించి ఒక మాట, జబ్బు తగ్గాక ఆలోచించండి. క్లౌన్ లోచ్‌కి ఈ జబ్బు అన్ని చేపలకన్నా ముందు పడుతుంది, గుంపులో బతికే చేప, అడుగు దాకా పెరుగుతుంది. రెండడుగుల ట్యాంకులో ఒంటరిగా దాన్ని ఉంచడం దానికి కష్టమే. పెద్ద ట్యాంకున్న వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకిచ్చేయండి, కానీ వైద్యం పూర్తయ్యాక ఇంకో మూడు వారాలు మీ దగ్గరే పెట్టుకుని, ఒక్క చుక్క కూడా రాలేదని చూసుకున్నాకే.

పాపకి ఏమీ కాదు. ఈ జీవి చేప ఒంటి మీద తప్ప బతకదు, మనుషులకి అంటదు. ఉప్పూ వేడీ జరుగుతున్నన్ని రోజులూ ట్యాంకులో చెయ్యి పెట్టనివ్వకండి, హీటర్ ఉంది కాబట్టి. ఒకవేళ మాలకైట్ గ్రీన్ దాకా వెళ్తే సీసా పైఅరలో తాళం వేసి పెట్టండి, ఆ నీళ్ళు తీసిన మగ్గూ బకెట్టూ మళ్ళీ ఇంటి పనికి వాడొద్దు.

రేపు పొద్దున థర్మామీటర్ అంకె, టార్చ్ వేసి పక్క నుంచి తీసిన లోచ్ ఫోటో పంపండి. నేను చెప్పిన 28 సెంటీమీటర్లు తప్పైతే ఉప్పు లెక్క కూడా మారుతుంది, కొలిచి ఆ అంకె కూడా రాయండి.